ఊదా రంగు

"ఊదమ్మా, ఒక్కసారి ఊదు."

"ఊదను."

గుండె ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ ఐదేళ్ళ వాయ్రా నోట ఇదే మాట.

నర్సు రబ్బరు బుడగ ఇస్తే దిండు కింద దాచేసింది. సబ్బునీళ్ళ బుడగల సీసా ఇస్తే దుప్పటి మీద ఒలకబోసింది.

"గట్టిగా ఊపిరి తీసి వదలకపోతే నెమ్ము చేరుతుంది నీల్దాగారూ," అంది నర్సు పిల్ల తల్లితో. " మళ్ళీ గొట్టాలు పెట్టాల్సి వస్తుంది."

నీల్దా ప్రాణం ఉసూరుమంది. రెండేళ్ళ క్రితం అనాథాశ్రమం నుంచి తెచ్చుకున్న బిడ్డ. అప్పట్లో నాలుగడుగులు వేసి గొంతుకూర్చునేది. ఇప్పుడిప్పుడే ముఖంలోకి రంగొస్తోంది. ఇంతలో ఈ మొండితనం ఒకటి.

అప్పుడే వరండాలోంచి సికు వేణువు పాట వినిపించింది.

పాట కాదు, పాట ముక్కలు. రెండు స్వరాలు పలకడం, ఆగడం. మళ్ళీ రెండు, మళ్ళీ ఆగడం.

వాయ్రా తల తిప్పింది. "అమ్మా, మధ్య మధ్యలో మింగేస్తున్నారెందుకు?"

నీల్దా బయటికి తొంగి చూసింది. చెవులు కప్పే టోపీ పెట్టుకున్న బక్కపలచని మనిషి గోడవార గొంతుకూర్చుని ఉన్నాడు. చేతిలో వెదురు గొట్టాల వరుస. పెదాలు ఊదా రంగులో ఉన్నాయి.

ఆసుపత్రి గేటు దగ్గర నల్ల మొక్కజొన్న కాచి, అపి అనే ఊదా రంగు పానీయం వేడివేడిగా అమ్ముతారు. అది తాగితే ఈ లా పాస్ నగరంలో ఎవరి మూతైనా అలాగే ఉంటుంది.

"ఏమయ్యా, అపి తాగి మూతైనా తుడుచుకోకుండా వచ్చేశావా?"

అతను గబుక్కున అరచేత్తో నోరు కప్పుకున్నాడు. "తప్పయిందమ్మా."

"మావయ్యా, మిగతా పాటేదీ?" లోపల్నుంచి అరిచింది వాయ్రా.

అతని ముఖం విప్పారింది. లోపలికి వచ్చి, సంచిలోంచి ఇంకో గొట్టాల వరుస తీశాడు.

"సికు ఎప్పుడూ జంటే తల్లీ. సగం స్వరాలు దీన్లో, సగం దాన్లో. మిగతా సగం నువ్వు ఊదాలి."

"నాకు రాదు."

"అయితే పాట ఇలా కుంటుతూ ఉంటుంది. నీ ఇష్టం."

వాయ్రా కాసేపు గుర్రుగా చూసింది. తర్వాత ఊదింది. వట్టి గాలి వచ్చింది. రోషమొచ్చి ఇంకా గట్టిగా ఊదింది. ఈసారి పలికింది!

నర్సు కళ్ళింతలు చేసుకుని చూసింది.

అది మొదలు రోజూ పొద్దున్నే వచ్చేవాడు. రెండు స్వరాలు ఊది ఆయాసపడుతూ గొంతుకూర్చునేవాడు. పిల్ల అందుకునేది.

"నువ్వు ఉత్త బద్ధకిస్టువి మావయ్యా. నీ వంతు కూడా నేనే ఊదుతున్నాను."

"ముసలాణ్ణి కదమ్మా."

"అబద్ధాలకోరు! మీసమే నెరవలేదు!"

ఊపిరితిత్తులు తేటపడ్డాయన్నారు డాక్టర్లు. నీల్దా దేవుడికి దండం పెట్టుకుంది. కానీ మనసును ఒకటే అనుమానం తొలుస్తోంది. ఎవరితను? ఈ వార్డులో ఇతని పిల్లలెవరూ లేరు. ఇన్ని మంచాలుండగా నా బిడ్డ దగ్గరికే ఎందుకొస్తున్నాడు?

ఒకరోజు అతనే అడిగాడు. "అమ్మా, ఈ బిడ్డ పుట్టిందెక్కడ? మా ఊరి సరస్సు వైపా?"

నీల్దా లేచి మంచానికి అడ్డంగా నిలబడింది.

"నీకెందుకు?"

"ఏం లేదమ్మా, మా వైపు ఇలాంటివాళ్ళు..."

"కన్నవాళ్ళ తరఫున వచ్చావా? సంతకాలన్నీ అయిపోయాయి. అది నా బిడ్డ! ఎవరొచ్చినా ఇవ్వను! లే, నడు ఇక్కణ్ణుంచి!"

అతను లేచాడు. తన సగం సికు కూడా మంచం మీద పెట్టి, గోడ పట్టుకుని నెమ్మదిగా వెళ్ళిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడు వాయ్రాను ఇంటికి తీసుకెళ్ళమన్నారు.

వాయ్రా కదిలితేనా! తన సగం ఊదుతుంది, ఆగుతుంది, తలుపు వైపు చూస్తుంది.

"ఇప్పుడు మావయ్య వంతు," అంటుంది.

నీల్దాకు సిగ్గేసింది. పిల్ల ప్రాణం గట్టెక్కించిన మనిషిని పేరైనా అడగకుండా తరిమేసింది. ఎవరైతేనేం, ఒక్కసారి పిల్లను చూపించి క్షమాపణ అడుగుదామనుకుని గేటు దగ్గరికి పరుగెత్తింది.

"అక్కా, సికు వాయించే మనిషి... రోజూ పొద్దున్నే నీ దగ్గర అపి తాగుతాడే, మూతి నిండా పూసుకుని..."

అపి అమ్మే ఆమె గరిటె తిప్పడం ఆపింది.

"సెవెరో గురించా? మా ఊరివాడే. వాడు నా దగ్గర ఒక్క గ్లాసైనా తాగలేదమ్మా. పుట్టినప్పటినుంచీ ఆ పెదాల రంగే అంత. గుండెలో చిల్లు. పై అంతస్తులో పెద్దల వార్డులో ఉండేవాడు. చిన్నప్పుడే తెచ్చుంటే బాగుచేసేవాళ్ళం, ఇక లాభం లేదని చెప్పి పంపేశారు. నిన్ననే బస్సెక్కించాను."

నీల్దా పిల్లల వార్డు వైపు తిరిగి చూసింది. రెండేళ్ళపాటు పొద్దున లేవగానే కూతురి పెదాల మీద భయంభయంగా చూసుకున్న రంగది. అప్పట్లో 'పిల్ల అపి తాగిందా?' అన్నవాళ్ళ మీదికి తనే పోట్లాటకు వెళ్ళేది.

"అసలు ఊదనే కూడదని డాక్టర్లు మొత్తుకున్నా వింటేనా," కళ్ళు తుడుచుకుంది ఆమె. "'నేను ఊదేది సగమేగా అక్కా, మిగతా సగం నాకోసం ఆ చంటిది ఊదేస్తోంది' అని నవ్వేవాడు."