ఎక్కే బండి, దిగే బండి

"మామా, ఈ ఒక్కటి చెప్పు. కొండ దోవలో రెండు బండ్లు ఎదురుపడితే యేది ఆగాల? ఎక్కేదా, దిగేదా?"

దొరస్వామి టీగ్లాసు కింద పెట్టాడు. పదిహేనేళ్లుగా తిరుపతి నుంచి తిరుమలకు జీపు తోలుతున్న మనిషి. భార్య రేవతి జిరాక్సు ప్రశ్నల కాగితం ఒళ్లో పెట్టుకుని అతని నోటివంకే చూస్తోంది.

తెల్లవారితే ఆమెకు బండి నేర్చుకునే లైసెన్సుకు ఎల్లెల్లార్ పరీక్ష. ఆ లైసెన్సు చేతికొస్తేనే పాల డైరీలో సూపర్‌వైజరు ఉద్యోగం, మోపెడ్ మీద ఊళ్లు తిరిగే పని. దాన్ని డైరీలో చూపించడానికి రేపే ఆఖరు రోజు. ఆమె ఆశ ఆమెది. అతనికేమో జీపు స్టాండులో తోటి డ్రైవర్లు అన్న మాటే చెవుల్లో గింగురుమంటోంది. "పెండ్లాం బండి తోలితే నువ్వు వెనక సంచి పట్టుకొని కూచోవాలప్పా."

దిగే బండికి బ్రేకు ఒక పట్టాన పడదు, ఎక్కేదే ఆగాలి. ఇంతమాత్రం తెలియని డ్రైవరుంటాడా? అయినా దొరస్వామి కావాలనే నాలుక మడతపెట్టాడు.

"దిగే బండి ఆగాల."

"నిజమేనా మామా?"

"నాకే చెప్తావా?"

రేవతి బుద్ధిగా రాసుకుంది.

పొద్దున ఆర్టీవో ఆఫీసు ముందు ఆమె, తన పక్కన నిలబడి వణుకుతున్న నిస్సీ అనే పిల్లకు ధైర్యం చెబుతోంది.

"పన్నెండొస్తే పాసు పాపా. నాకు పదకొండు గట్టిగా వచ్చు. పన్నెండోది మా మామ చెప్పినాడు. ఆయన చెప్పినాక తప్పు యాడుంటాది?"

వెనకే ఉన్న దొరస్వామి ఆ మాట విన్నాడు. ఇంత నమ్మిన మనిషి నోట్లో మన్ను కొట్టాడు. ఇదీ ఒక మగతనమేనా అని తన మీద తనకే అసహ్యం వేసింది. స్టాండులో నలుగురూ నవ్వితే నవ్వనీ, నవ్విన నాపచేనే పండుతుందంటారు.

లోపల్నుంచి ప్యూను రేవతి పేరు పిలిచాడు. ఆమె గడప దాటబోతుంటే దొరస్వామి పరుగున పోయి చెయ్యి పట్టుకున్నాడు.

"మే, నిన్న తప్పు చెప్పినా. ఎక్కే బండే ఆగాల. అదే రాయి."

"ఖాయమా?"

"నీమీద ఒట్టు."

"దీనికా ఇంత ఆయాసం?" అని నవ్వి లోపలికి పోయింది. దొరస్వామికి గుండెల మీది బండ దిగినట్టయింది. ఇంటికి పోయేటప్పుడు ఆమెకు మల్లెపూలు కొనాలనుకున్నాడు.

అరగంటకు రేవతి బయటికొచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పదకొండే మామా."

"యాడ తప్పింది?"

"కొండ దోవ కాడ. మా ఆయన తిరుమలకు జీపు తోల్తాడు, ఆయన చెప్పిందే రాసినానంటే ఇనస్పెక్టరు నగినాడు. ఆడ ఎక్కే దోవ వేరే, దిగే దోవ వేరే గదమ్మా, ఆయనకు ఎదురుబండి యాడ తగిలింటాది అన్నాడు."

రేవతి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నిన్న నువ్వు చెప్పిందే రైటంట మామా."