ఆల్చిప్పల మీద చీజ్

"కాస్త చీజ్ ఇస్తారా?" అని ఆ విదేశీ పెద్దమనిషి అడిగేసరికి నేను నీళ్ల జగ్గు బల్ల మీద పెట్టేసి వంటింటి తలుపు వైపు చూశాను.

ఆయన ముందున్నది ఆల్చిప్పల స్పగెట్టీ. మా నేపుల్స్‌లో దాని మీద, సముద్రపు రుచిని చంపేసే చీజ్ అడగడమంటే వండిన మనిషిని చెంపదెబ్బ కొట్టడమే. ఒకసారి ఎవరో డాక్టరుగారు అడిగితే మా హోటలు వంటావిడ ఎర్సీలియమ్మ ఆయన పళ్లెం లాక్కుపోయి పిల్లికి పెట్టింది. పిల్లి చీజ్ లేకుండానే తిన్నదనుకోండి, అది వేరే సంగతి. ఇంకొక్కరు అడిగితే ఏప్రన్ విసిరేసి పోతానని మొన్ననే ఒట్టు పెట్టుకుంది. ఆదివారం మధ్యాహ్నం, హాలు నిండా జనం. ఆమె పోతే వండే దిక్కు లేదు.

ఆమెకు వినబడనే వినబడింది. గరిటెతో సహా బయటికొచ్చింది.

"ఏమయ్యా, నా వంటకేం తక్కువైంది?"

హాల్లో ఫోర్కుల చప్పుడు ఆగిపోయింది.

ఆయన తల దించుకున్నాడు. "ఏమీ తక్కువ కాలేదమ్మా. మా అమ్మ ఇలాగే వేసి పెట్టేది."

గరిటె కిందికి దిగింది.

"అమ్మ పెట్టేదా? ఆ మాట ముందే చెప్పొద్దూ నాయనా" అంటూ చీజ్ తెచ్చి, తన చేత్తోనే తురిమి, కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లింది.

ఆయన వెళ్లేటప్పుడు కోటు అందిస్తూ అన్నాను, "మీ అమ్మగారు మంచి వంటగత్తె కాబోలు."

"ఆవిడా? గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు" అని జేబులోంచి చిన్న పుస్తకం తీసి చూపించాడు. ఇటలీలో భోజనానికి వెళ్లేవారికి సలహాలు. మొదటిది: ఏం కావాలన్నా అమ్మ పేరు చెప్పండి.

ముప్ఫై ఏళ్లుగా ఆ ఆల్చిప్పలు నాకు చప్పగానే ఉంటున్నాయి. మర్నాడు భోజనం దగ్గర, ఎర్సీలియమ్మకు వినబడేలా, నేనూ మా అమ్మను తలుచుకున్నాను.