కాలికి కాస్త బిగువు

పక్షవాతం తగ్గినా నేత పనివాడు భావనారాయణ ఎడమకాలు కర్రలా బిగుసుకుపోయింది. ఊళ్లో చాలామందికి వచ్చినట్టే ఆయనకూ ఆసుపత్రి నుంచి, కాలికి కట్టుకుంటే కండలను సడలించే పట్టీ వచ్చింది. భార్య రత్తమ్మ ఆశకొద్దీ దాని మరను పూర్తి వదులుకు తిప్పింది. ఆయన లేవబోయి మగ్గం పక్కనే కూలబడ్డాడు.

"ఇంక నడవలేడా ఏందమ్మా?" అని రత్తమ్మ ఫోన్లో నర్సును అడిగింది.

"అంతా వదిలేస్తే ఎట్టా పిన్నీ? బలంలేని కాలు ఆ బిగువు మీదే నిలబడుద్ది. కాస్త ఉంచాల."

"ఎంత?"

"మెల్లగా తిప్పి చూసుకోండి."

"పడుగుకి మల్లేనన్నమాట," అన్నాడు భావనారాయణ. మగ్గం మీద పడుగు దారాల బిగువు చూసినట్టే పిక్కను వేలితో మీటుతూ, పట్టీ మరను కొద్దికొద్దిగా బిగువు వైపు తిప్పాడు. లేచాడు. మడమ నేలకు ఆనింది. రెండడుగులు వేశాడు.

"నన్ను పట్టుకోమాక."

"నేనెక్కడ పట్టుకున్నా? నువ్వే నా భుజం వదల్లా," అంటూ రత్తమ్మ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.