వదిలిన పుణ్యం

జారిపోబోయిన పిట్టను లమై ఒడిసి పట్టుకుంది. రెక్క విప్పి, పొడుగాటి ఈకలు రెండు పుటుక్కున పీకేసింది. చుక్క రక్తం రాలేదు. పెళ్ళినాటి నుంచీ చేస్తున్న పని, రక్తం వస్తే ఆమెకు నామోషీ.

"ఇవాళ కూడా పీకుతున్నావేంటక్కా? మొక్కు పిట్టలు కదా. వీటినైనా నిజంగా వదిలెయ్యకూడదూ?" అన్నాడు తమ్ముడు బున్మా.

"వదిలేస్తే రేపు ఏం తింటావురా, నా తలకాయా? వంద పిట్టల్ని వదులుతానని మొక్కుకున్నాను. మళ్ళీ పట్టుకోనని మొక్కుకోలేదు."

బున్మా పకపకా నవ్వాడు.

నఖోన్ సవాన్ ఊళ్ళో ఏటి ఒడ్డు గుడి మెట్ల పక్కన లమై కొట్టు. జబ్బు తగ్గాలన్నా, పాపం పోవాలన్నా, లాటరీ తగలాలన్నా అక్కడ జనం పంజరంలో పిట్టను కొని, దండం పెట్టి ఎగరేస్తారు. ఆ పిట్ట ఏటి అవతలి చింతచెట్టు దాకా పోయి, ఆయాసపడి కూర్చుంటుంది. సాయంత్రం బున్మా రేకుడబ్బాలో వడ్లు గలగలలాడిస్తే వచ్చి వలలో వాలుతుంది. మర్నాడు అదే పిట్ట ఇంకొకరికి పుణ్యం.

కిందటేడు పైనుంచి వాళ్ళు దిగినప్పుడు ఈ బేరం మూతబడింది. వాళ్ళు ఏ చుక్క నుంచి వచ్చారో, ఎలా ఉంటారో ఎవరికీ తెలియదు. ఒక సన్నని ఈల వినిపించేది, పొలంలో ఉన్నవాళ్ళు, రోడ్డు మీద ఉన్నవాళ్ళు మాయమైపోయేవాళ్ళు. అన్ని దేశాల్లోనూ ఇదే గోల. ఫిరంగులు పనిచేయలేదు, ప్రార్థనలూ పనిచేయలేదు.

"ఇన్ని లోకాలున్నాయన్న బుద్ధుడు ఈ లోకం సంగతి చెప్పలేదే!" అని జనం గుడికి రావడం మానేశారు. అగరొత్తులు వెలిగించే చోట కుక్కలు పడుకున్నాయి.

లమై ఒక్కగానొక్క కూతురు ఫాయ్ కాలేజీ నుంచి వస్తూ మాయమైంది. లమై బుద్ధుడి ముందు కూర్చుని ఏడ్చింది, నోటికొచ్చినట్టు తిట్టింది, చివరికి మొక్కుకుంది.

కొన్నాళ్ళకు వాళ్ళు మనుషుల్ని వదలడం మొదలుపెట్టారు.

వెలుగులో మెల్లగా, పసిపిల్లను ఉయ్యాల్లో వేసినట్టు దించేవాళ్ళు. దించుతున్నప్పుడు పైన గుంపుగా ఏదో పాడుతున్నట్టు వినబడేది. అది విని గుడి పెద్ద భిక్షువు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"వింటున్నారా? మన స్తోత్రాల్లాగే లేదూ? కరుణ మనొక్కళ్ళ సొత్తు కాదర్రా. పై లోకాల్లోనూ ధర్మం నాలుగు పాదాల మీద నడుస్తోంది" అన్నాడు.

గుడి మళ్ళీ కిటకిటలాడింది. చర్చీలు, మసీదులు కూడా అలాగే ఉన్నాయని టీవీలో చూపించారు. దేవుడు లేడని పుస్తకాలు రాసిన పెద్దమనిషి ఒకడు గుండు చేయించుకుని సన్యాసం పుచ్చుకున్నాడు. పిట్టలకు గిరాకీ ఎంత పెరిగిందంటే, ఒక్కో పిట్ట రోజుకు రెండుసార్లు విడుదలయ్యేది.

తిరిగొచ్చినవాళ్ళు ఇళ్ళలో నిలవడం లేదని ఎవరో అనుమానంగా అన్నారు. "అంత కరుణ చూసినవాళ్ళకు సంసారం రుచిస్తుందా? అడవిలో ధ్యానానికి పోయుంటారు" అని భిక్షువు తేల్చేశాడు. అందరూ చేతులు జోడించారు.

ఈ పొద్దున్నే ఫాయ్‌ని ఏటి ఇసుక మీద దించారు.

లమై పరుగెత్తుకెళ్ళి కూతుర్ని వాటేసుకుంది. పిల్ల చిక్కి సగమైంది. వీపు మీద, రెక్కల దగ్గర రెండు సన్నని కుట్లు. నాలుగు మెట్లు ఎక్కేసరికి కూలబడి ఆయాసపడింది.

"తింటే అదే బలం వస్తుంది" అని లమై జిగురన్నం ముద్దలు చేసి నోట్లో పెట్టింది. "ఇన్నాళ్ళూ పైనే ఉన్నావటే?"

"ఎక్కడెక్కడో ఉన్నానమ్మా."

ఊరంతా వచ్చి ఫాయ్ కాళ్ళకు దండం పెట్టింది. చంటిపిల్లల్ని తెచ్చి ఆమె చేత తల మీద చెయ్యి వేయించుకున్నారు. లమై గర్వంతో ఉబ్బితబ్బిబ్బై మొక్కు పంజరాలు కూతురి ముందు వరసగా పెట్టించింది.

"నీ చేత్తోనే తలుపు తియ్యి తల్లీ. వాళ్ళు నీకు చేసిన మేలు నువ్వు వీటికి చెయ్యి."

ఫాయ్ ఒక పిట్టను చేతిలోకి తీసుకుని రెక్క విప్పి చూసింది.

"ఈకలు పీకావా అమ్మా?"

"ఉష్! జనం వింటారు" అంది లమై.

ఫాయ్ పిట్టను మళ్ళీ పంజరంలో పెట్టింది. ఒక్కో పంజరం తెరిచింది. భిక్షువు స్తోత్రం అందుకున్నాడు, జనం గొంతు కలిపారు. పిట్టలన్నీ చింతచెట్టు దాకా ఎగిరాయి.

పొద్దు వాలింది. జనం ఇళ్ళకు పోయారు. అవతలి ఒడ్డున బున్మా రేకుడబ్బా ఊపాడు. పిట్టలు ఒక్కొక్కటే దిగి, ఎవరూ తరమకుండానే వలలోకి నడిచి వెళ్ళాయి. ఫాయ్ రెప్ప వేయకుండా చూస్తూ కూర్చుంది.

అప్పుడు పైన ఎక్కడో సన్నగా ఈల వినిపించింది. ఫాయ్ లేచి, జుట్టు ముడేసుకుని, ఇసుక వైపు నడిచింది.

లమై పరుగెత్తి చెయ్యి పట్టుకుంది. "ఎక్కడికే? వాళ్ళు నిన్ను వదిలేశారే పిచ్చిపిల్లా! ఇంకా భయమెందుకే?"

ఫాయ్ మెల్లగా చెయ్యి విడిపించుకుంది.

"నన్ను వదలడం ఇది ఏడోసారి అమ్మా."