గడ్డిపెట్టెలో అన్నం

"ఉడుకు పట్టిన గిన్నెని గడ్డి కూరిన పెట్టెలో దించి, పైన బొంత కప్పేయండి. మిగతా ఉడుకు అదే ఉడుకుతుంది," అని వ్యవసాయ శాఖ తరఫున గంభీరంగా సెలవిచ్చాను. బొగ్గూ కిరసనాయిలూ యుద్ధానికి వెళ్ళిపోయాయి. నేనూ వెళ్తానంటే, చూపు ఆనదని వెనక్కి పంపి, ఇంటింటికీ పొయ్యి పొదుపు నేర్పమన్నారు.

"కోడిని పొదగేసినట్టుంది నాయనా. పిల్లలు కూడా దిగుతాయా?" అంది ఇంటి పెద్దావిడ.

"మధ్యలో మూత తీయకపోతే దిగుతాయి పిన్నిగారూ."

ఆవిడ నవ్వలేదు. "ఎంతసేపు వేడిగా ఉంటుంది?"

"చీకటి పడేదాకా."

"ఆఖరి బస్సు వెళ్ళేదాకా ఉండదా?"

"ఇంకో బొంత కప్పితే ఉంటుంది. అంత పొద్దుపోయాక భోంచేసే ఆ మహారాజు ఎవరండీ, మీ అబ్బాయా?" అన్నాను, నా హాస్యానికి నేనే మురిసిపోతూ.

ఆవిడ గొంతు తగ్గించింది. "వాడు యుద్ధంలో పోయాడు బాబూ. కబురొచ్చింది. నేను నమ్మాను, కోడలు నమ్మలేదు. రోజూ బస్టాండుకి వెళ్ళి, ఆఖరి బస్సు కూడా చూసుకునిగాని రాదు. వచ్చేసరికి అన్నం చల్లబడిపోతోంది. రెండు ముద్దలు కూడా దిగడంలేదు పిల్లకి."

నేను ఇంకో బొంత కోసం వెతుకుతుంటే, లోపలి నుంచి కోడలు వచ్చి చెప్పులేసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "అత్తయ్యా, ఆయనక్కూడా వండారు కదా?" అంది.

"వండానమ్మా. మీ ఇద్దరికీ సరిపోతుంది, వెళ్ళిరా."