గానుగెద్దు పడవ

గవరయ్యకి అన్నం సయించడం మానేసి వారమైంది. రోగమా, రొష్టా ఏమీ లేదు. అంతా సత్తిరాజు ఎద్దు చేసిన పని.

ఇద్దరూ గానుగ ఆడించుకు బతికేవాళ్ళే, వరసకి బావలే. ఎద్దుల సంగతొస్తే మాత్రం ఊళ్ళో గవరయ్యదే పైమాట. మొహం చూసి దూడ పనికొస్తుందో రాదో తేల్చేసేవాడు. రానిదాన్ని మర్నాటికల్లా బేరగాడి చేత తోలించేసేవాడు. మళ్ళీ దాని ఊసెత్తేవాడు కాదు.

గోదావరికి ఆనకట్ట కట్టి, కోనసీమలో కాలవలు తవ్విన కొత్త రోజులవి. కాలవల దొరకి తెడ్లచక్రాల పిచ్చి పట్టింది. చక్రం చుట్టూ చెక్కలు కొట్టించి, అలాంటివి రెండు పడవకి చెరో పక్కా బిగించాడు. చక్రం తిరిగితే చెక్కలు నీళ్ళని వెనక్కి నెడతాయి, పడవ ముందుకు పోతుంది. మొదట మనుషుల చేత తిప్పించాడు. లాకులు చేరకుండానే వాళ్ళు చతికిలబడ్డారు. పోనీ అని ఒక చక్రం తీసేసి, రెండోదాన్ని పడవ వెనక్కి మార్పించాడు. చుక్కాని పనిచెయ్యడం మానేసింది. చివరికి గానుగ చూసి ఆలోచన తట్టింది ఆయనకి. చక్రాలు మళ్ళీ పక్కలకే వచ్చాయి. పడవ మధ్యలో రాట నిలబెట్టి, పళ్ళచక్రాలతో వాటికి కలిపించాడు. ఎద్దు రాట చుట్టూ తిరిగితే చాలు. ఎవరి ఎద్దు నడిపితే పడవ ఆ ఇంటివాళ్ళకేనని మాటిచ్చాడు.

గవరయ్య మీసం దువ్వుకుంటూ తన ఎద్దుని ఎక్కించాడు. కళ్ళకి గంతలు కట్టినా, సందులోంచి నీళ్ళ తళుకు కనబడి అది బెదిరింది. కాడి విరగ్గొట్టుకుని కాలవలోకి దూకింది. రేవు రేవంతా నవ్వింది.

మర్నాడు సత్తిరాజు ఎద్దు ఎక్కింది. మెడ మీద రెండు తట్లు తట్టాడంతే. ఇంట్లో గానుగ తిప్పినట్టే తిప్పింది. ఇంకొక్క పరీక్ష చూసి పడవ ఇచ్చేస్తానన్నాడు దొర.

అప్పట్నుంచీ గవరయ్య కడుపు మండిపోతోంది. ఏముందని ఆ ఎద్దులో, నుదుట ఓ తెల్లమచ్చ తప్ప? పైగా సత్తిరాజు వేషాలొకటి. మేత వేసినప్పుడూ గంతలు విప్పడు, కొట్టంలో కట్టేసినా విప్పడు. అదేమిటంటే దిష్టి తగుల్తుందంటాడు. ఎవరి దిష్టిట? ఇంకెవరిది, తనదే! తల్చుకున్నప్పుడల్లా గవరయ్యకి ఒళ్ళు తెలిసేది కాదు.

ఆఖరి పరీక్ష రోజు వచ్చింది. ఆడవాళ్ళు ఎద్దుకి పసుపు రాసి బొట్లు పెట్టారు. గవరయ్య తనూ ఓ బొట్టు పెడతానంటూ పడవెక్కాడు. పెడుతూ పెడుతూ గంతల ముడి వదులు చేసి, ఏమీ ఎరగనట్టు దిగిపోయాడు.

పడవ కదిలింది. గవరయ్య గట్టు వెంబడి పడుతూ లేస్తూ నడిచాడు. వంతెన దాటగానే గంతలు జారిపోయాయి. హమ్మయ్య, ఇప్పుడు దూకుతుంది. దూకాలి, పడవ బోల్తా కొట్టాలి, సత్తిరాజు మొహం తను చూడాలి.

చెక్కలు దబదబా నీళ్ళని బాదుతున్నాయి. తుంపర ఎద్దు మొహాన్నే పడుతోంది. పక్కనే కొంగలు గుంపుగా లేచాయి. ఎద్దు చెవులు కదిపింది. అడుగు మాత్రం తడబడలేదు.

గంతలే అక్కర్లేని ఎద్దు ఇదొక్కటేనని దొర మెచ్చుకుని, పడవ అక్కడికక్కడే సత్తిరాజుకి అప్పగించాడు.

గవరయ్యకి ఏడుపొక్కటే తక్కువ. జనం పల్చబడేదాకా ఆగి, ఉండబట్టలేక వెళ్ళాడు.

"ఏం మందు పెట్టేవు బావా దీనికి? నీళ్ళు చూసి బెదరని ఎద్దుని నా జన్మలో చూళ్ళేదు."

సత్తిరాజు ఎద్దు మెడ నిమురుతూ, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించాడు.

"మీరు ముడి వదులు చెయ్యడం చూసేను గానండి బావగారూ, గంతలుంటే ఎంత, ఊడితే ఎంతండి, చూపు లేదన్న సంగతి దాచి రాజోలు సంతలో బేరగాడి చేత మీరు నాకు అంటగట్టించిన దూడేనండి ఇది."