శ్రావణం దాకా ఆగిన ఈల

“తేదీ ఖాళీగా వదిలేశారేం బాబూ?” టైపు కొట్టడం ఆపి అడిగాడు వెంకటసుబ్బయ్య.

“శ్రావణంలో వేసుకుంటాను. ఇప్పుడు ఆషాఢం కదా,” అన్నాడు కిరీటి.

అది తొంభై అయిదో సంవత్సరం. ఢిల్లీ పేటెంటు ఆఫీసు ముందు ఫుట్‌పాత్ టైపిస్టుల్లో తెలుగువాడు వెంకటసుబ్బయ్య ఒక్కడే.

మునిర్కాలో కిరీటి అద్దెగది ఎంత వేడంటే, గోడ మీది బల్లి కూడా మిట్టమధ్యాహ్నం తడిగుడ్డ అడిగేది.

ఉద్యోగం మానేసి, ఆ గదిలోనే నాలుగేళ్ళు కూచుని, నీళ్ళయిపోగానే మోటారు ఆపి ఈల వేసే కూలరు తయారుచేశాడు కిరీటి.

“దరఖాస్తు ఇవాళే ఇచ్చెయ్యండి,” అన్నాడు వెంకటసుబ్బయ్య. “ముందు ఎవరిస్తే హక్కు వాళ్ళదే.”

“శూన్యమాసంలోనా? వింటే కూలరు కంటే ముందు మా మామగారు ఈల వేస్తారు.”

“ఆషాఢంలో అత్తాకోడళ్ళు ఒక గడప దాటకూడదన్నారు గానీ, కూలరు ఆఫీసు గడప తొక్కకూడదని ఎవరన్నారు?”

కిరీటికి ఒళ్ళు మండింది.

“టైపు కొట్టండి తాతగారూ, సలహాలొద్దు. ఇన్ని తెలిసినవారు ఫుట్‌పాత్ మీదెందుకున్నారు?”

వెంకటసుబ్బయ్య మిగతా లైన్లు కొట్టేశాడు.

కార్బన్లు జారకుండా మిషనుకున్న రేకు క్లిప్పు ఎత్తి కాగితాలు తీశాడు. ఆ క్లిప్పును ఒకసారి బొటనవేలితో తుడిచాడు.

“ఠీక్ హై బాబూ.”

శ్రావణ శుద్ధ పంచమినాడు కాగితాలకు నాలుగు మూలలా పసుపు రాసి ఇచ్చొచ్చాడు కిరీటి.

ఏడాదిన్నరకు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది.

అచ్చం అలాంటి కూలరుకే ఒక కంపెనీ పదకొండు రోజుల ముందు దరఖాస్తు పెట్టిందట. ఆషాఢ బహుళంలో. ఈలతో సహా.

కిరీటి ఫుట్‌పాత్‌కు పరుగెత్తాడు. ఆ మిషను ముందు ఒకావిడ కూచుని ఉంది.

“తాతగారేరండీ?”

“నాన్నగారు పోయిన చలికాలంలో కాలం చేశారండీ. నేను సరోజని. ఈల కూలరు బాబు మీరేనా?”

“అవును.”

“ఎప్పటికైనా వస్తారు, ఇది ఇమ్మన్నారు.”

పచ్చబడ్డ కాగితం. అరవై రెండో సంవత్సరపు పేటెంటు దరఖాస్తు నకలు. మీద తిరస్కరించినట్టు ముద్ర.

కింద చేత్తో గీసిన బొమ్మ: కార్బన్లు జారకుండా పట్టే రేకు క్లిప్పు.

కిరీటి తలెత్తి చూశాడు. వరసలో పద్నాలుగు మిషన్లకూ అదే క్లిప్పు. అన్నిటి మీదా ఎవరిదో కంపెనీ పేరు.

దరఖాస్తుదారు వెంకటసుబ్బయ్యే. ఆయన జులై తేదీ కొట్టేసి ఆగస్టు తేదీ వేసిన చోట, పక్కనే సిరాతో ముత్యాల్లాంటి అక్షరాలు: ‘శ్రావణ శుద్ధ పంచమి, దివ్యమైన ముహూర్తం.’